పులి వచ్చిందన్న పిల్ల

ఎమ్మే రెండో సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థినిని ప్రాజెక్టుకి ఏ అంశం తీసుకుంటావని అడిగితే, సంచిలోంచి ఫోను తీసి నా ముందు పెట్టింది. తెర మీద నలుపు తెలుపు బొమ్మలు. స్కూలు యూనిఫాం వేసుకున్న ఒక అబ్బాయి, ఎదురుగా ఒక అమ్మాయి. అతను ఆ అమ్మాయిని మూడుసార్లు గుండ్రంగా తిరిగి కుక్కలా మొరగమంటున్నాడు.

"ఇదేంటమ్మా?" అన్నాను.

"ప్రేమకథ మేడమ్" అంది.

నా ముఖం చూసి నవ్వింది. "మొత్తం చదివాక మాట్లాడండి మేడమ్" అని కూడా అంది. పరిశోధన చేసేవాళ్ళకి అంతకన్నా న్యాయమైన షరతు ఎవరు పెడతారు? చదివాను. పదహారు సంపుటాలు. మొదటి మూడూ కోపంతో చదివాను. నాలుగో దాని దగ్గర ఉండగా పాలు పొంగిపోయాయి. ఆ తర్వాత ఎందుకు ఆపలేకపోయానన్నది ఈ వ్యాసంలో తేల్చుకోవలసిన విషయాల్లో ఒకటి.

ఆ మాంగా పేరు 'ఓకామి షోజో తో కురో ఓజి'. తోడేలు పిల్ల, నల్ల రాకుమారుడు అని అర్థం. రాసి గీసింది హత్తా అయుకో. షూఎయిషా ప్రచురణ సంస్థ అమ్మాయిల కోసం తెచ్చే 'బెస్సత్సు మార్గరెట్' అనే మాసపత్రికలో 2011 నుంచి 2016 దాకా సీరియల్‌గా వచ్చింది. 2014లో పన్నెండు భాగాల యానిమే అయింది. 2016లో హిరోకి ర్యూయిచి దర్శకత్వంలో సినిమాగా వచ్చింది. మాంగా అంటే పిల్లల బొమ్మల పుస్తకం అనుకునే వాళ్ళు మనలో ఇంకా ఉన్నారు కనుక ఒక మాట చెప్పాలి. జపాన్‌లో అమ్మాయిల మాంగాకి 'షోజో' అని వేరే శాఖే ఉంది. 1953లో తెజుకా ఒసాము 'రిబోన్ నో కిషి' మొదలుపెట్టిన రోజుల్లో ఈ శాఖలో గీసేవాళ్ళు ఎక్కువగా మగవాళ్ళే. 1970లలో హగియో మోతో, తకెమియా కెయికో, ఇకెదా రియోకో వంటి స్త్రీలు వచ్చి దీన్ని తమ చేతుల్లోకి తీసుకున్నారు. ఆడవాళ్ళు రాసి, ఆడపిల్లలు చదివే ఇంత పెద్ద ప్రచురణ రంగం ప్రపంచంలో మరెక్కడైనా ఉందా అంటే నాకు తోచదు. మొరగడం అనేది అలాంటి చోట, ఒక స్త్రీ చేతి నుంచి వచ్చింది. అందుకే దీన్ని తేలిగ్గా పక్కకి నెట్టలేను.

కథ చెప్తాను. ఎరికా షినోహారా హైస్కూల్లో చేరింది. మిడిల్ స్కూలు స్నేహితురాలు సాన్‌చాన్ వేరే సెక్షన్‌లో పడింది. కొత్త క్లాసులో ఒంటరిగా మిగిలిపోతానన్న భయంతో మారిన్, తెజుకా అనే ఇద్దరమ్మాయిల జట్టులో చేరింది. వాళ్ళ నోట బాయ్‌ఫ్రెండ్ మాట తప్ప మరో మాట రాదు. జట్టులో ఉండాలంటే తనకీ ఒకడుండాలి. ఉన్నాడని చెప్పేసింది. చెప్పాక వివరాలు కావాలి. వివరాలు చెప్పాక అనుమానాలు వచ్చాయి. ఫొటో చూపించమన్నారు. రోడ్డు మీద పోతున్న ఒక అందగాణ్ణి గబుక్కున ఫొటో తీసి, ఇడుగో అంది. ఆ పిల్లవాడు తమ స్కూల్లోనే చదువుతున్నాడని ఆమెకి తెలియదు. క్యోయా సాతా. స్కూలంతా రాకుమారుడని పిలిచేంత మర్యాదస్తుడు. ఎరికా అతన్ని పక్కకి పిలిచి నిజం చెప్పి బతిమాలుకుంది. సరే, నీ ప్రేమికుడిగా నటిస్తాను అన్నాడు. ఆమె ఊపిరి పీల్చుకునే లోపల అతని ముఖం మారిపోయింది. బదులుగా నువ్వు నా కుక్కవి అన్నాడు. తర్వాత ఏమవుతుందో మీరు ఊహించగలరు. నటన నిజమవుతుంది.

పేరు దగ్గర కాసేపు ఆగాలి. నేను మొదట తోడేలు పిల్ల అంటే కోరలున్న పిల్ల అనుకున్నాను, సంతోషించాను కూడా. కాదు. గొర్రెల కాపరి కుర్రాడు తోడేలొచ్చిందని ఊరికే అరిచే ఈసపు కథ ఉంది కదా, దాన్నిబట్టి జపనీస్‌లో అబద్ధాలకోరు కుర్రాణ్ణి 'ఓకామి షోనెన్' అంటారు. షోనెన్ స్థానంలో షోజో పెట్టింది రచయిత్రి. మన కథలో తోడేలు పులయింది, కుర్రాడి కేక 'నాన్నా పులి' అయింది. కాబట్టి ఈ పుస్తకం పేరు తెలుగులో చెప్పాలంటే 'నాన్నా పులి అన్న పిల్ల' అవుతుంది. ఆ కథలో కుర్రాడు సరదాకి అరిచాడు. ఈ పిల్ల సరదాకి అరవలేదు. ఊళ్ళో ఉండనిస్తారో లేదోనని అరిచింది.

ఈ భయం తక్కువదేం కాదు. ఒంటరిగా తింటూ కనిపించడం ఇష్టం లేక మరుగుదొడ్డిలో కూర్చుని మధ్యాహ్న భోజనం చేసేయడానికి జపనీస్‌లో ఒక పేరే ఉంది. 'బెంజో మెషి'. తరగతి గదిలో పిల్లల మధ్య ఏర్పడే ఎక్కువ తక్కువల్ని వాళ్ళు 'స్కూల్ కాస్ట్' అంటారు. సుజుకి షో అనే పరిశోధకుడు 2012లో దీని మీద ఒక పుస్తకమే వేశాడు. కులం అనే మాటని ఇంత వదులుగా వాడటం మనకి చివుక్కుమనిపిస్తుంది, నాకూ అనిపించింది. పుట్టుకతో వచ్చేదానికీ, జట్టు మారితే మారిపోయేదానికీ పోలికేమిటి? అయితే ఆ మాట ఎంచుకోవడంలో వాళ్ళు చెప్పదలచుకున్నది తెలుస్తూనే ఉంది. పై మెట్టు మీద ఉన్నవాళ్ళకి తమ మెట్టు కనపడదనీ, కింద ఉన్నవాళ్ళకి అదొక్కటే కనపడుతుందనీ. ఎరికాకి అదొక్కటే కనపడుతోంది. ఆ మెట్ల మీద అమ్మాయి పైకి పోవాలంటే చెల్లే నాణెం ఒకటే, పక్కన మగపిల్లవాడు. మంచి మార్కులు కావు, బొమ్మలు బాగా వేయడం కాదు. ఈ సంగతి హత్తా ఎక్కడా ఉపన్యాసంగా చెప్పదు. మొదటి అధ్యాయంలో బెంచీల చుట్టూ కూర్చున్న ముగ్గురమ్మాయిల ముఖాలు గీసి చూపిస్తుంది. ఇద్దరు మాట్లాడుతుంటారు. మూడో ముఖం నవ్వుతూ చెమటలు కక్కుతుంటుంది.

ఇక్కడ నా సంగతి చెప్పకపోతే విమర్శ పేరుతో దాక్కున్నట్టే. 2005లో నేను ఇంటర్మీడియట్‌కి ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చేరాను. గదికి ఎనిమిది మందిమి. పొద్దున్న అయిదు నుంచి రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్లు. దీపాలార్పాక మిగిలే అరగంట మాత్రమే మాది. ఆ అరగంటలో ప్రతి ఒక్కరికీ చెప్పడానికి ఒకడున్నాడు. ట్యూషన్‌లో చూసినవాడు, ఎదురింటివాడు, పెళ్ళిలో కూల్‌డ్రింక్ అందించినవాడు. నాకెవరూ లేరు. నాలుగో రోజో అయిదో రోజో నాకొక బావ పుట్టాడు. విశాఖపట్నంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. మేనరికం కనుక ఇంట్లో వాళ్ళకీ తెలుసు. కనుక ఫోన్లు రావు, అవసరం లేదు. అంత జాగ్రత్తగా కల్పించాను. సెలవులకి ఇంటికెళ్ళి వచ్చినప్పుడల్లా అతను అన్న మాటలు రెండు మూడు తెచ్చేదాన్ని. ఆ మాటలన్నీ అద్దె లైబ్రరీ నవలల్లోవి.

బావ ఉన్నాక గదిలో నా పరువు మారిపోయింది. కిటికీ పక్క మంచం నాకిచ్చారు. హాస్యం కాదు, నిజంగా ఇచ్చారు. పదహారేళ్ళ పిల్ల మగవాడి అవసరం లేకుండా మగవాడి వల్ల వచ్చే గౌరవాన్ని సంపాదించడం ఎలాగో ఎరికాకి తెలుసు, నాకూ తెలుసు. అందుకే ఫొటో తీసిన ఎరికాని చూసి నేను నవ్వలేకపోయాను.

ఆ ఫొటో గురించి కూడా చెప్పుకోవాలి. స్త్రీవాద పాఠకులుగా మనం మగచూపు గురించి చాలా మాట్లాడాం. ఇక్కడ చూపు అమ్మాయిది. తనకి కావలసిన అందాన్ని ఎంచుకుని, అడక్కుండా ఫొటో తీసుకుని, అతని పేరు కూడా తెలియకుండానే అతనికి ఒక జీవితం కల్పించి వాడుకుంది. అనుమతి అనే సూత్రాన్ని ఈ కథలో మొదట దాటింది ఎరికానే. ఇది ఒప్పుకోకుండా క్యోయా మీద ఛార్జిషీటు రాయడం అన్యాయం. కానీ ఒప్పుకున్నాక కూడా ఒక లెక్క మిగులుతుంది. అతని ముఖాన్ని ఆమె దొంగిలించింది. బదులుగా అతను ఆమెని మనిషి కాకుండా చేయాలనుకున్నాడు. ఒక తప్పుకి ఇంత శిక్ష వేసే కథలో తప్పు చేసింది ఆడపిల్ల అయినప్పుడు ఆ శిక్ష సరదాగా కనిపిస్తుంది. తల తిప్పి చూస్తే, దాదాపు ఇవే సంవత్సరాల్లో, 2011 నుంచి 2016 దాకా, ఇదే షూఎయిషా అబ్బాయిల వారపత్రిక 'షోనెన్ జంప్'లో కోమి నావోషి గీసిన 'నిసెకోయి' నడిచింది. దొంగ ప్రేమ అని దాని అర్థం. యాకుజా ముఠా నాయకుడి కొడుకూ, శత్రు ముఠా నాయకుడి కూతురూ యుద్ధం రాకుండా ఉండటానికి మూడేళ్ళు ప్రేమికుల్లా నటించాలి. అక్కడ నటన పెద్దలు నెత్తిన పెట్టిన బాధ్యత. కుర్రాడు అబద్ధాలకోరు కాడు, ఊరిని కాపాడేవాడు. పైగా నటిస్తున్నంత సేపూ అతని చుట్టూ అమ్మాయిలు పెరుగుతూనే పోతారు. అబ్బాయి నటిస్తే త్యాగం, అమ్మాయి నటిస్తే సిగ్గు. అంతకుమించి ఆ ఇరవై అయిదు సంపుటాల గురించి నాకు చెప్పాలనిపించడం లేదు.

మళ్ళీ క్యోయా దగ్గరికి వద్దాం. నటన నిజమవడం అనే కథకి ఒక యంత్రాంగం కావాలి. రెండు అబద్ధాలు ఏ క్షణంలో నిజమవుతాయి? హత్తా ఎంచుకున్న యంత్రాంగం చాలా తెలివైనది. నాకు భయం వేసింది కూడా అక్కడే. క్యోయాకి రెండు ముఖాలు. అందరి ముందూ మర్యాద, మెత్తని మాట, చుట్టూ మెరుపుల చుక్కలు. ఎరికా ముందు మాత్రం ఎగతాళి, ఆజ్ఞ, ముఖం మీద నల్లటి నీడ. ఈ రెండింటిలో ఏది నిజం? అందరికీ చూపించేది ముసుగు. కాబట్టి ఆమెకి చూపించేదే నిజం. కాబట్టి అతని మొరటుతనమే అతని నిజాయితీ. మర్యాదగా మాట్లాడితే నటన, కసిరితే ఆత్మీయత. ఆమె అతని క్రూరత్వాన్ని భరించేది కాదు, అది చూసే హక్కు దక్కించుకున్న ఒకే ఒక్క మనిషి.

ఈ సమీకరణం చూశాక నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఇది జపాన్ బొమ్మల్లో పుట్టింది కాదు. బయట అందరితో ఎంతో బాగుంటాడమ్మా, నా దగ్గరే అలా, నేను తనదాన్ననే కదా అని చెప్పే ఆడవాళ్ళ ముందు నేను కూర్చున్నాను. మీరూ కూర్చునే ఉంటారు. ఎరికా చెప్పేదీ అదే. కాకపోతే ఆమెకి పదహారేళ్ళు, బొమ్మలో ఆమె తల మీద సరదాగా కుక్కచెవులు మొలుస్తాయి.

జానిస్ రాడ్‌వే 1984లో అమెరికాలో రొమాన్స్ నవలలు చదివే గృహిణుల మీద చేసిన అధ్యయనం మనలో చాలామందికి తెలుసు. నాయకుడి కాఠిన్యం అసలు కాఠిన్యం కాదనీ, వెల్లడి కాని ప్రేమ అనీ తిరిగి చదువుకునే విద్యని ఆ నవలలు పాఠకురాలికి నేర్పుతాయని ఆమె వాదన. అలా చదువుకోకపోతే తమ ఇళ్ళలో ఉన్న మగవాళ్ళతో బతకడం కష్టం. మనకీ ఇది తెలియనిది కాదు. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'లో రాజశేఖరం అహంకారాన్ని ఎన్ని వేల మంది అమ్మాయిలు వెనక్కి తిప్పి ప్రేమగా చదువుకోలేదు? ఆ నవల 1976లో సినిమా అయినా ఆ చదువు ఆగలేదు, నా తరం దాకా వచ్చింది. నా విశాఖపట్నం బావ కోపంగా మాట్లాడేవాడు. ఎందుకు కోపం పెట్టానో ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది. మంచిగా మాట్లాడితే గదిలో ఎవరూ నమ్మరని!

అయితే యద్దనపూడికీ హత్తాకీ ఒక తేడా ఉంది, అది హత్తాకే అనుకూలమైన తేడా. జయంతికి ఆత్మాభిమానం ఉంటుంది. ఆమె తల దించదు, అవసరమైతే వెళ్ళిపోతుంది. కానీ ఆమె చెల్లించే ధర ఏమిటో ఆ నవల ఎక్కడా బిల్లు రాసి చూపించదు. హత్తా చూపిస్తుంది. సమాజంలో నీ పక్కన నిలబడతాను, నీకు గౌరవం వస్తుంది, దానికి బదులు నువ్వు చెప్పినట్టు పడి ఉండాలి. పెళ్ళి గురించి ఇంత నగ్నంగా రాసిన ఒప్పందం నేను అమ్మాయిల పత్రికల్లో చూడలేదు. పద్నాలుగేళ్ళ పాఠకురాలికి మొదటి అధ్యాయంలోనే ఆ బేరం పూర్తిగా కనిపిస్తుంది. కుక్క అనే మాట తప్ప మరే మాట వాడినా అది కనపడేది కాదేమో. ఆ తర్వాతి పదిహేను సంపుటాలు ఆ బిల్లుని నెమ్మదిగా ముద్దుపేరుగా మారుస్తూ పోతాయి. నా తగువు దానితోనే. కళ్ళు తెరిపించిన చేత్తోనే రచయిత్రి కళ్ళు మూసేసింది.

క్యోయా ఎందుకలా ఉన్నాడు? సమాధానం వస్తుందని ముందే తెలుసు, ఏమొస్తుందో కూడా తెలుసు. తల్లిదండ్రులు విడిపోయారు. తల్లి వెళ్ళిపోయింది. మనుషుల్ని నమ్మడం మానేశాడు. అంటే మగపిల్లవాడి క్రూరత్వానికి కారణం వెతికితే మళ్ళీ ఒక ఆడమనిషే దొరికింది. ఒక స్త్రీ చేసిన గాయాన్ని మరో స్త్రీ నయం చేయాలి, అదీ దెబ్బలు తింటూ. తండ్రి ఏం చేస్తున్నాడని ఈ కథ గట్టిగా అడగదు. నయం చేసే పని ఎరికా ఎంత ఇష్టంగా చేసినా అది పనే. జీతం లేని పని. రొమాన్స్ మీద మనం రాసిన వాటిలో ఈ శ్రమ గురించి రాసింది తక్కువ.

ఇక కుసకాబే. ఎరికాని ఇష్టపడే నెమ్మదైన అబ్బాయి. ఆమెతో మామూలుగా మాట్లాడతాడు. ఆమె మాట వింటాడు. కథ అతన్ని ఎలా చూస్తుందో గమనించండి. అవమానించదు, జాలిపడుతుంది. అతను ప్రేమని చెప్పుకున్నప్పుడు ఎరికా అతన్ని కాదంటుంది. కాదనే హక్కు ఆమెకుంది, మంచివాడు కనుక ప్రేమించి తీరాలని ఎవరూ అనరు. నా ప్రశ్న వేరు. ఈ తరహా కథల్లో మంచితనానికి ఒంటిమీద వెంట్రుకలు నిక్కబొడిచే దృశ్యం ఒక్కటైనా ఎందుకు గీయరు? మెరుపులూ పూలూ గాలికి ఎగిరే జుట్టూ అన్నీ మొరటువాడి వాటాకే ఎందుకు పోతాయి? ఇది కథ సమస్య కంటే బొమ్మ సమస్య. ఏ ముఖానికి ఎంత చోటు, ఏ ముఖం వెనక ఎంత తెలుపు అన్నది కూడా రాజకీయమే.

2014లో, ఈ కథ యానిమేగా వస్తున్న ఆ శరత్కాలంలోనే, జపాన్‌లో ఏడాది మాటలుగా ఎంపికైన పదింటిలో 'కాబే డోన్' ఒకటి. అబ్బాయి అమ్మాయిని గోడ దగ్గర నిలబెట్టి, పక్కన గోడమీద చేత్తో దభీమని కొట్టడం. షోజో మాంగా ద్వారా ప్రేమ చిహ్నంగా ప్రచారమైన భంగిమ. అదే పదింటిలో ఇంకో మాట 'మాతాహారా'. గర్భిణి అయిన ఉద్యోగినిని పనిచోట వేధించడం. రెండూ ఒకే జాబితాలో పక్కపక్కన! ఎవరూ కావాలని పెట్టి ఉండరు. గోడకి ఆనించబడి మురిసిపోయిన పిల్ల పదేళ్ళకి ఎక్కడికి చేరుతుందో చెప్పడానికి నేను మళ్ళీ వ్యాఖ్యానం చేయక్కర్లేదు. చట్టం సంగతి కూడా చూడండి. దాంపత్య హింసకి సంబంధించి జపాన్ 2001లో చట్టం చేసింది. 2013లో దాన్ని సవరించి, పెళ్ళి కాకపోయినా ఒకే ఇంట్లో కలిసి ఉంటున్న జంటలకి విస్తరించింది. ఎవరింట్లో వాళ్ళుంటూ ప్రేమించుకునే వాళ్ళు ఆ పరిధిలోకి రాలేదు. అంటే ఎరికా వయసు పిల్లలు రాలేదు. 'డేట్ డీవీ' అనే మాట అప్పటికే వాడుకలో ఉంది, మాట ఉన్నంత మాత్రాన రక్షణ లేదు.

ఇన్ని తెలిసీ ఎందుకు చదివానంటే, నవ్వించింది కనుక. ఎరికా సీతాకోకచిలుక కాదు. కోపం వస్తే ఆమె ముఖం నలిగిన కాగితంలా అవుతుంది. ఏడిస్తే ముక్కు కారుతుంది. క్యోయాకి ఎదురు చెప్తుంది, తిడుతుంది, వెళ్ళిపోతానంటుంది, వెళ్ళిపోతుంది కూడా. కోరిక ఆమెది. ప్రేమిస్తున్నానని మొదట తెలుసుకునేదీ ఆమే, చెప్పేదీ ఆమే. షోజో మాంగాకి ఒక అపూర్వమైన పద్ధతి ఉంది, బుడగలో పెట్టకుండా, పేజీ మీద ఊరికే తేలుతూ ఉండే మాటలు. అవి ఎవరితోనూ అన్నవి కావు, ఆమె లోపలివి. గళ్ళ గీతలు చెరిగిపోయి, ఆ మాటలు పేజీ మొత్తం పరుచుకునే చోట్ల నాకు గొంతు పట్టేసింది. క్యోయా లోపలి మాట చాలా కాలం మనకి వినపడదు. అతను పై నుంచి కనపడే బొమ్మ. ఆమె లోపలి నుంచి వినపడే గొంతు. కథలో అధికారం అతనిదే కావచ్చు, కథనంలో మాత్రం ఆమెదే. ఈ చిక్కుముడిని నేను పూర్తిగా విప్పలేను. ఆనందం ఉన్న చోట రాజకీయం లేదని అనలేను. రాజకీయం ఉన్నది కనుక నాకు ఆనందం కలగలేదని కూడా అబద్ధమాడలేను.

ఫుజిమోతో యుకారి అనే విమర్శకురాలు 1998లో షోజో మాంగా మీద రాసిన పుస్తకానికి 'నా చోటు ఎక్కడుంది?' అనే అర్థం వచ్చే పేరు పెట్టింది. ఈ కథలన్నిటి అడుగునా ఉన్నది ప్రేమ కాదు, ఎవరో ఒకరు నన్ను నన్నుగా ఒప్పుకుంటారా అనే ఆరాటం అని ఆమె గమనింపు. ఆ పేరు చదివాక నేను ఎరికా కథని మళ్ళీ మొదటినుంచి తిరగేశాను. ఎరికా చోటు వెతుక్కున్నది క్యోయా పక్కన కాదు. మారిన్, తెజుకాల పక్కన. మొదటి అబద్ధం వాళ్ళకి చెప్పింది. వాళ్ళతో స్నేహం కూడా నటనే కదా? నిజానికి మొదటి నటన అదే. నచ్చని మాటలకి నవ్వడం, లేని అనుభవాలకి తల ఊపడం. అలాంటప్పుడు నటన నిజమవడం అనే ఇంత అందమైన అవకాశాన్ని రచయిత్రి అబ్బాయికి ధారపోసినంతగా ఆ స్నేహానికి ఎందుకు ఇవ్వలేదు? ఆ ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి, నేను మీకు అబద్ధం చెప్పాను, ఒంటరిదాన్నవుతానని భయపడ్డాను అని చెప్పే దృశ్యం కోసం నేను పేజీలు తిప్పుతూ పోయాను. కథ బరువంతా ఆ వైపు ఒరగనే లేదు.

ఒరిగి ఉంటే నాకు ఉపయోగపడేది. మా గదిలో ఒక అమ్మాయి ఉండేది. అరగంట కబుర్లలో ఎప్పుడూ నోరు విప్పేది కాదు. ఒకరోజు నీళ్ళ ట్యాంకు దగ్గర బకెట్లు నిండేదాకా నిలబడి, నీకు బావ ఉన్నాడు కదా, నీకే చెప్పాలి అంటూ తన సంగతి చెప్పింది. ఆ పిల్లకి నిజంగానే ఒకడున్నాడు. అతను ఆమెని భయపెడుతున్నాడు. ఏం చేయాలో చెప్పమని అడిగింది. నాకేం తెలుసు? అద్దె లైబ్రరీ నవలలు తెలుసు. మా బావా అంతే, కోపం ఎక్కువ, ప్రేమ ఉంటేనే అలా ఉంటారు అన్నాను. తల ఊపింది. బకెట్టు ఎత్తుకుని వెళ్ళిపోయింది. మూడు నెలలకి మా అమ్మ నన్ను చూడటానికి వచ్చినప్పుడు, గదిలో వాళ్ళు బావ ఎలా ఉన్నాడాంటీ అని అడగడం, మా అమ్మ ఏ బావ అనడం జరిగాయి. అందరూ పగలబడి నవ్వారు. కిటికీ మంచం పోయింది. అది పెద్ద విషయం కాదు. ఆ అమ్మాయి నవ్వలేదు. నా వైపు ఒక్కసారి చూసింది. రెండో సంవత్సరం పూర్తయ్యేదాకా నాతో మాట్లాడలేదు. ఇప్పుడెక్కడుందో తెలియదు.

పులి వచ్చిందని నేను అరిచిన చోట నిజంగానే పులి ఉంది. అది నా మీదికి రాలేదు, అంతే.

అందుకే ఈ మాంగాలో నాకు అందరికంటే సాన్‌చాన్ ముఖ్యం. ఆమెకి మొదటినుంచీ నిజం తెలుసు. ఎరికా వచ్చి గోల పెట్టినప్పుడల్లా వింటుంది, మానేయమని చెప్తుంది, మానకపోతే వదిలిపెట్టి పోదు. ఉపన్యాసం ఇవ్వదు, తలుపు మూయదు. ఆమె ముందు ఎరికా నటించనవసరం లేదు. క్యోయా ముందు నటించనవసరం లేదన్నదే ప్రేమకి రుజువుగా కథ చూపిస్తే, ఆ రుజువు సాన్‌చాన్ దగ్గర మొదటి రోజు నుంచీ ఉంది. దానికి ఎవరూ మెరుపులు గీయలేదు.

ఇదంతా మా విద్యార్థినితో చెప్పాను. నీటి ట్యాంకు సంగతి చెప్పలేదు, మిగతాది చెప్పాను. శ్రద్ధగా విని, "మీరు చెప్పింది నిజమే మేడమ్, కానీ ఇది చదివేవాళ్ళందరూ క్యోయా లాంటివాడు కావాలనుకోరు. అలాంటివాడు కనపడితే గుర్తుపట్టడం నేర్చుకున్నవాళ్ళు కూడా ఉన్నారు" అంది. "నువ్వు నేర్చుకున్నావా?" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఫోను తీసుకుని సంచిలో పెట్టుకుంది. "ప్రాజెక్టులో రాస్తాను మేడమ్" అంది.

మొదటి అధ్యాయం నా బల్ల మీద పెట్టి వెళ్ళింది. ఇరవై రెండు పేజీలు. క్యోయా పేరు ఆరో పేజీ దాకా రాలేదు. ఎర్ర కలం తీసి, మళ్ళీ పక్కన పెట్టేసి, చదువుతున్నాను.